బ్రిటిష్ మెర్లీన్

సెయింట్ హెలీనా దీవిలో మనిషికి రెండు పేర్లుంటాయి. ఒకటి చర్చిలో పెట్టింది, రెండోది ఊరు పెట్టింది. చర్చి పేరు పెళ్లికీ చావుకీ తప్ప ఎవరికీ గుర్తు రాదు. ‘కుంటి కోడి’ అని పిలిపించుకున్నవాడు కొండలన్నీ నిక్షేపంలా ఎక్కి దిగేవాడు. ‘మౌనం’ అనే ఆవిడ నోరు మూసిన పాపాన పోలేదు. మెర్లీన్ క్రౌయీకి ఊరు పెట్టిన పేరు బ్రిటిష్. అది ముద్దుకి పెట్టిన పేరు కాదు.

మెర్లీన్ శాండీ బే లోయలో పుట్టింది. ఆ ఇంటి తాతముత్తాతల్లో మడగాస్కర్ నుంచి బానిసగా దించినవాడున్నాడు, చైనా నుంచి కూలికొచ్చినవాడున్నాడు, కంపెనీ సిపాయీ ఉన్నాడు. ఎవరిది ఎంత పాలో లెక్కతీసే అలవాటు దీవిలో లేదు. బళ్లో టీచరమ్మ గోడ మీది పటంలో అట్లాంటిక్ సముద్రం మధ్యనున్న చుక్కని కర్రతో పొడిచి, “మనం ఎవరం?” అని అడిగేది. పిల్లలంతా ఒక్క గొంతుతో “బ్రిటిష్ వాళ్లం!” అని అరిచేవారు. రెండు రెళ్లు నాలుగన్నంత ధీమాగా అరిచేవారు.

బడి మానేశాక మెర్లీన్ తండ్రితోపాటు నార మిల్లులో చేరింది. కొండవాలు నిండా కత్తుల్లా నిలబడ్డ ఆకులు కోసి, మిల్లులో చీరి, నార తీసి, ఎండబెట్టేవాళ్లు. ఆ నారతో పేనిన తాడు ఇంగ్లండ్ తపాలా మూటలు కట్టడానికి పోయేది. చేతులు పగిలి నెత్తురొచ్చినా అదే దీవికి కూడు. ఆమెకి ముప్ఫయ్యేళ్లొచ్చిన ఏడాది తపాలా వాళ్లు నైలాన్ తాడుకి మారారు. మిల్లు మూతపడింది. ఆ సాయంత్రం తండ్రి గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుతూ అన్నాడు.

“బ్రిటిష్ వాళ్లకి మన తాడు అక్కర్లేదంట.”

“మనమూ బ్రిటిష్ వాళ్లమేగా నాన్నా?”

“మనమూ బ్రిటిష్ వాళ్లమే. తాడు కొనేవాళ్లు వేరే బ్రిటిష్ వాళ్లు.”

ఆయన నవ్వుతూనే అన్నాడు. మెర్లీన్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఒకే మాట రెండు చోట్ల రెండు బరువులు తూగుతుందని ఆమెకి మొదటిసారి తెలిసింది ఆ రోజే.

తర్వాత ఆమె దొరల ఇళ్లలో వంటకి కుదిరింది. ఇంగ్లండ్ నుంచి రెండేళ్లకీ మూడేళ్లకీ ఉద్యోగం మీద వచ్చే ఇంజినీర్లు, డాక్టర్లు, లెక్కల ఆఫీసర్లు. వాళ్ల ఇళ్లలో ‘బ్రిటిష్’ అంటే వాళ్లు. దీవివాళ్లు ‘లోకల్స్’. “ఈ చేప లోకలా?” అన్నట్టే “ఈ డ్రైవరు లోకలా?” అని అడిగేవారు. మెర్లీన్ విని ఊరుకునేది. భర్త సెసిల్ పడవ మీద చేపలు పట్టేవాడు, ఆ చేపలు కొనేది కూడా ఆ ఇళ్లవాళ్లే. పిల్లలు లేరు. చెల్లెలు రూబీ పని పర్మిట్టు సంపాదించి ఎప్పుడో కార్డిఫ్ వెళ్లి, అక్కడ వృద్ధాశ్రమంలో వంటలో కుదురుకుంది.

పంతొమ్మిది వందల ఎనభై మూడు జనవరిలో కొత్త చట్టం వచ్చింది. ఇంగ్లండ్‌లో కాపురముండే హక్కు దీవివాళ్లకి అంతకుముందే కొంచెం కొంచెంగా జారిపోయింది. ఇప్పుడు పేరూ పోయింది. పాస్‌పోర్టులో ‘బ్రిటిష్ ఆశ్రిత ప్రాంతాల పౌరులు’ అని పడింది. రేవు దగ్గర జనం అటూ ఇటూ చూసుకున్నారు. ఎవరో, “అంటే ఏంటి, ఇల్లు వాళ్లది, మనం అరుగు మీద పడుకోవచ్చు, అంతేనా?” అన్నారు. నవ్వుకుని ఎవరి పనికి వాళ్లు పోయారు.

ఆ ఏడే మెర్లీన్ పని చేస్తున్న ఇంటి యజమానురాలు, నీటి సరఫరా ఇంజినీరు భార్య పెండిల్‌బరీ దొరసాని, రాణిగారి పుట్టినరోజుకి తేనీటి విందు తలపెట్టింది. ఆవిడ దీవికొచ్చి ఆర్నెల్లు కాలేదు. స్వతహాగా చెడ్డ మనిషి కాదు. మెర్లీన్‌కి ఒంట్లో బాగాలేకపోతే మందులు కూడా ఇచ్చింది. జేమ్స్‌టౌన్ వీధిలో కిరాణా కొట్టు బోర్డు మీద తన చేత్తో అందంగా రాసిన కార్డు అంటించింది: ‘దీవిలోని బ్రిటిష్ కుటుంబాలన్నిటికీ మా ఇంట తేనీటి విందు. తప్పక రావలెను.’

మెర్లీన్ పిండి కొనడానికి వెళ్లి ఆ కార్డు చూసింది. ఒకసారి చదివి, సంచీ కింద పెట్టి, మళ్లీ చదివింది. ఇంటికొచ్చి దొరసానిని అడిగింది.

“అమ్మగారూ, విందుకి ఎంతమందికి చెయ్యమంటారు?”

“ఓ ముప్ఫైమందికి. నీ చేప వడలు ఉండాలి సుమా. కారం తగ్గించు.”

“ముప్ఫై చాలవేమోనండీ. బ్రిటిష్ వాళ్లందరూ అని రాశారుగా. మా శాండీ బే ఒక్కదాన్నుంచే వందమంది దిగుతారు.”

దొరసాని గలగలా నవ్వింది. “నువ్వు భలే దానివి మెర్లీన్! నా ఉద్దేశమేంటో నీకు తెలుసులే.”

తెలుసు. తెలియబట్టే మెర్లీన్ ఊరుకోలేకపోయింది. మర్నాడు తండ్రి స్నేహితుడు గిల్బర్ట్ ఇంటికి వెళ్లింది. గిల్బర్ట్ యుద్ధకాలంలో సరుకు ఓడల మీద పనిచేసి, ఓడ మునిగితే చలినీళ్లలో తేలి, కాలి వేళ్లు పోగొట్టుకుని వచ్చినవాడు. ఆమె సంగతంతా చెప్పింది.

“మావయ్యా, నాతో విందుకొస్తావా?”

“కోటు ఇస్త్రీ చెయ్యాలి. ఎన్నింటికి?” అన్నాడు ముసలాయన.

విందు రోజున మెర్లీన్ పొద్దున్నుంచి పొయ్యి దగ్గరే ఉంది. చేప ఉడికించి, ముళ్లు తీసి, బంగాళదుంప కలిపి వడలు తట్టింది. కేకులు, టమాటా ముద్ద పూసిన రొట్టెలు సిద్ధం చేసింది. మొదటి వాయి వడలు వేయించి హాల్లో బల్ల మీద సర్దింది. రెండో వాయి పెనంలో వేసి సెగ తగ్గించింది. అప్పుడు ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించింది. సంచీలోంచి చర్చికి వెళ్లేటప్పటి నీలం గౌను తీసి వేసుకుంది, టోపీ పెట్టుకుంది. వెనక తలుపు లోంచి బయటికొచ్చి, ఇల్లు చుట్టి, ముందు గేటు దగ్గరికి నడిచింది. అక్కడ గిల్బర్ట్ కోటుకి పతకాలు పెట్టుకుని, కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరూ మెట్లెక్కి గంట లాగారు.

దొరసాని నవ్వు ముఖంతో తలుపు తీసింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

“మెర్లీన్! ఏమైంది? వెనక తలుపు గడియ పడిపోయిందా?”

“లేదమ్మగారూ. అది పనికొచ్చేటప్పటి తలుపు. ఇప్పుడు విందుకొచ్చాం.”

“విందు... చూడు, ఇది ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ల కోసం పెట్టుకున్నది.”

“అలాగైతే ఇంగ్లండ్ అని రాయాల్సిందండీ. బ్రిటిష్ అని రాశారు. ఈ గిల్బర్ట్ మావయ్యని ఆ మాట చెప్పే యుద్ధానికి తీసుకెళ్లారు. అప్పుడు ఏ తలుపులోంచి రమ్మన్నారో ఆయన్నే అడగండి.”

“ముందు తలుపులోంచేనమ్మా,” అన్నాడు గిల్బర్ట్ నెమ్మదిగా. “సంతకం పెట్టించుకునేటప్పుడు కుర్చీ కూడా వేశారు.”

లోపల అతిథుల తలలు గుమ్మం వైపు తిరిగాయి. ఇంజినీరు పెండిల్‌బరీ గొంతు సవరించుకుని, “రండి, రండి, ఎండలో నిలబడ్డారేం,” అంటూ రెండు కుర్చీలు లాగాడు. ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి. మెర్లీన్ కూర్చుంది. పదహారేళ్లుగా దొరల ఇళ్లలో దుమ్ము దులిపిన కుర్చీల్లాంటి కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. టోపీ సర్దుకుని, గిల్బర్ట్‌కి పక్క కుర్చీ చూపించింది.

గిల్బర్ట్ చేప వడ తీసుకుని కొరికాడు. హాలంతా ఆయన నమలడమే వింటోంది.

“కారం తగ్గింది మెర్లీనూ.”

“దొరల నోటికని తగ్గించాను మావయ్యా.”

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఇంతలో వంటింట్లోంచి మాడు వాసన మొదలైంది. దొరసాని అలవాటుగా మెర్లీన్ వంక చూసింది. మెర్లీన్ చేతులు ఒళ్లో పెట్టుకుని కిటికీ లోంచి సముద్రం చూస్తూ కూర్చుంది. వాసన పొగయింది. దొరసాని లేచి, పట్టు గౌను కుచ్చిళ్లు పట్టుకుని తనే వంటింట్లోకి పరిగెత్తింది. నల్లబడ్డ వడలు పళ్లెంలో పెట్టుకుని తనే తీసుకొచ్చింది. మెర్లీన్ ముందుకి వచ్చినప్పుడు పళ్లెం ఒక్క క్షణం ఆగింది. మెర్లీన్ ఒకటి తీసుకుని, “థాంక్యూ అండీ,” అంది.

మర్నాడు ఆమె పని పోయింది.

“నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశావు,” అంది దొరసాని కళ్లనీళ్లతో. “నీకేం తక్కువ చేశానని?”

“మీరు తక్కువ చెయ్యలేదమ్మగారూ, మీ మాట తక్కువ చేసింది,” అని సంచీ తీసుకుని వచ్చేసింది మెర్లీన్.

వంటమనిషి పొగరుబోతని దొరల ఇళ్లన్నిటికీ పాకింది. ఇంకెవరూ పనికి పిలవలేదు. సెసిల్ దగ్గర చేపలు కొనే ఇళ్లు రెండు మానేశాయి. సెసిల్ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కానీ ఆ వారం నోరు విప్పాడు.

“నీ బ్రిటిష్‌తనం పులుసులో ఉప్పుకి కూడా రాదే. పౌరుషం వండుకు తిందామా?”

“తిందాం. నీకు వండటం రాదుగా, నేను వండుతాలే.”

“ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నా.”

“నేనెత్తుకునే తిరుగుతున్నా. నీది బరువెక్కితే నా భుజం మీద పెట్టు.”

సెసిల్ విసురుగా వెళ్లి పడవలో పడుకున్నాడు. మెర్లీన్ రేవు మెట్ల పక్కన బల్ల వేసి చేప వడలు అమ్మడం మొదలుపెట్టింది. పడవల వాళ్లకి ఇది కాలక్షేపమైంది. “ఏం బ్రిటిష్, ఇవాళ రాణిగారు రాలేదా?” “బ్రిటిష్, ముందు తలుపులోంచి వస్తే వడ తగ్గింపు ధరకిస్తావా?” మొదటి రోజుల్లో ఆమె గరిటె విసిరింది. ఒకడి నుదుటికి తగిలింది కూడా. తర్వాత ఆలోచించి, చెక్క ముక్క మీద పెద్ద అక్షరాలతో ‘బ్రిటిష్ చేప వడలు’ అని రాసి బల్లకి కొట్టేసింది. ఇక వెక్కిరించడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. కారం మాత్రం ఎవరి కోసమూ తగ్గించలేదు. కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరు ఆ చెక్క చూసి, “ఇవి మా ఊరి వడలలాగా లేవే, బ్రిటిష్ అంటావేంటి?” అని అడిగాడు.

“మీ ఊరి పేరు బ్రిటిష్షా సార్?”

“కాదు, డెవన్.”

“అయితే డెవన్ వడలు డెవన్‌లో తినండి,” అని పొట్లం కట్టి చేతిలో పెట్టింది.

తొమ్మిదేళ్లు గడిచాయి. గిల్బర్ట్ పోయాడు. కార్డిఫ్‌లో రూబీ మెట్ల మీంచి పడి తుంటి విరిగిందని కబురొచ్చింది. చూసే దిక్కులేదు. మెర్లీన్ ఓడెక్కింది. రెండు వారాల పైగా సముద్రం మీద ప్రయాణించి కార్డిఫ్ రేవులో దిగింది. అక్కడ బల్ల వెనక ఓ అధికారి పాస్‌పోర్టు తిరగేశాడు.

“ఎన్నాళ్లుంటారు?”

“చెల్లెలు లేచి నడిచేదాకా.”

“ఆర్నెల్లకి మించి ఉండకూడదు. పని చెయ్యకూడదు. మీరు బ్రిటిష్ పౌరులు కారు.”

“దాని మీద బ్రిటిష్ అని రాసుందే నాయనా. మొదటి మాటే అది.”

“అది ఆశ్రిత ప్రాంతాల...”

“ఎవర్ని ఆశ్రయించామంట?”

“బ్రిటన్‌ని.”

“మేం ఎక్కణ్ణించో వచ్చి ఆశ్రయించలేదు. మనిషన్నవాడు లేని రాయి మీద మీరే మా తాతల్ని తెచ్చి పడేశారు. అక్కడ పుట్టా. మీ పాటే పాడా, మీ మూటలకే తాడు పేనా. ఇప్పుడు నేను బ్రిటిష్ కాకపోతే ఇంకెవర్నో నువ్వే చెప్పు, అదే రాసుకుంటా.”

వెనక వరసలో ఉన్న దీవివాళ్లు బిక్కచచ్చి నిలబడ్డారు. అధికారి కుర్రవాడు. ముద్ర వేసి పాస్‌పోర్టు ఇచ్చేశాడు. ఆర్నెల్లే. మెర్లీన్ ఆ ముద్రని చూసి, “కాగితం మీంచి పోయింది, నా నోటి మీంచి పోనివ్వను,” అనుకుని బయటికి నడిచింది.

రూబీ పక్కింట్లో మెగన్ ప్రిచర్డ్ అనే ఆవిడుండేది. వెల్ష్ మనిషి, కార్డిఫ్ ఉన్న వేల్స్ దేశం ఆవిడది. రోజూ సూప్ తెచ్చిచ్చేది. ఒకరోజు మెర్లీన్ మెచ్చుకోలుగా, “మన బ్రిటిష్ వాళ్లలో నీలాంటి మంచివాళ్లూ ఉంటారు,” అంది. మెగన్ గిన్నె ఠక్కున కింద పెట్టింది.

“ఏమన్నావ్? ఇంకోసారి నన్ను బ్రిటిష్ అనకు. నేను వెల్ష్.”

“నీ పాస్‌పోర్టులో ఏముంటుంది?”

“ఏదో ఉంటుంది. అది లండన్ వాళ్ల రాత. మా భాష మాట్లాడితే మా అమ్మని బళ్లో నిలబెట్టి కొట్టారు. వాళ్లు పెట్టిన పేరు నేనెందుకు మోస్తాను? అయినా అసలు బ్రిటన్లు మేమే. ఇంగ్లీషు వాళ్లు తర్వాత దిగబడ్డారు. మా పేరు మా దగ్గర కొట్టేసి, మళ్లీ మాకే అంటగట్టారు!”

మెర్లీన్ నోరెళ్లబెట్టింది. తను తలుపు బాదుతుంటే, లోపలున్న ఈవిడ కిటికీ లోంచి దూకేయాలని చూస్తోంది.

“నీకక్కర్లేకపోతే నాకిచ్చెయ్ మెగనూ. నాకు ఈ ఆర్నెల్ల ముద్ర తప్పుతుంది,” అంది.

ఇద్దరూ పగలబడి నవ్వారు. మంచం మీది రూబీ, “నా తుంటి! నన్ను నవ్వించకండే!” అని అరిచింది. ఆ మధ్యాహ్నం తర్వాత మెర్లీన్‌కి కొంత తేలికైంది, కొంత పట్టుదలా పెరిగింది. మెగన్ వద్దంటోంది, తను కావాలంటోంది. కానీ ఇద్దరి కోపం ఒక్కటే. మనమెవరమో ఇంకొకడు చెప్పకూడదు.

రూబీ కర్ర పట్టుకుని నడిచాక మెర్లీన్ దీవికి తిరిగొచ్చింది. అప్పటికి దీవిలో పెద్దలు పౌరసత్వం కోసం సంఘం పెట్టారు. మెర్లీన్ బల్ల మీదకి అర్జీ కాగితాలు చేరాయి. వడ కొన్నవాడు సంతకం పెట్టకుండా పొట్లం అందుకునేవాడు కాదు. మధ్యాహ్నాలు కొండలెక్కి ఇళ్లకి తిరిగింది. “పైవాళ్లతో మనకెందుకమ్మా,” అన్నవాళ్ల గుమ్మంలోనే చతికిలబడి, వాళ్లు విసిగి సంతకం పెట్టేదాకా కదిలేది కాదు. సెసిల్ సణుగుతూనే ఆమె సంచీ మోసేవాడు. వాన పడితే గొడుగు పట్టేవాడు. కానీ తన మాటగా ఎక్కడా ఒక్క ముక్క అనేవాడు కాదు.

రెండు వేల రెండులో చట్టం మళ్లీ మారింది. దీవివాళ్లు తిరిగి పూర్తి బ్రిటిష్ పౌరులయ్యారు. గంటలు మోగాయి. వీధుల్లో పెద్ద డేగిసాల్లో ప్లో ఉడికింది. అన్నం, మాంసం, మసాలా అన్నీ ఒక్కచోట వేసి వండేది. చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టారు. మెర్లీన్, సెసిల్ ముందు వరసలో కూర్చున్నారు. ప్రార్థన చివర ఫాదర్ చేతులెత్తి అన్నాడు.

“మన హక్కు మనకి దయతో ప్రసాదించిన ప్రభుత్వానికి కృతజ్ఞతలు తెలుపుకుంటూ, అందరం లేచి నిలబడదాం.”

బెంచీలు కిర్రుమన్నాయి. చర్చి మొత్తం లేచింది. మెర్లీన్ లేవలేదు.

సెసిల్ సగం లేచి, వంగి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. “లే. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ.”

“ఇన్నేళ్లూ కాళ్లరిగేలా తిరిగింది దీనికేగా?”

“దీనికే. ఎత్తుకుపోయిన గిన్నె తెచ్చి గుమ్మంలో పెడితే తీసుకుంటాను. దండం పెట్టమంటే మాత్రం పెట్టను. దయంటాడేంటి ఆయన? నాది నాకిస్తే దయా?”

ఆమె మెల్లగానే అంది. ఆ నిశ్శబ్దంలో మూడు వరసల దాకా వినబడింది. సెసిల్ సగం వంగి అలాగే ఉన్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. అందరి కళ్లూ ఆయన మీదే. పెళ్లయిన నాటి నుంచీ ఊరు ఏమనుకుంటుందో అని చూసిన మనిషి. ఆయన ఆమె మోచెయ్యి వదిలేశాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, ఆమె పక్కన కూర్చుండిపోయాడు.

మెర్లీన్ ఆయన వంక తిరగలేదు. తిరిగితే ఏడుపొస్తుందని తెలుసు.

ప్రార్థనయ్యాక ఫాదర్ గుమ్మం దగ్గర ఆపాడు. “మెర్లీన్, దేవుడికి కూడా కృతజ్ఞత చెప్పుకోకూడదా?”

“దేవుడికి ఇంటి దగ్గరే చెప్పుకున్నా ఫాదర్. మాది తీసేసుకున్నవాళ్లలో ఆయన లేడుగా.”

ఫాదర్ ఆమె చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలేశాడు.

వీధిలో ప్లో వడ్డిస్తున్నారు. పడవల వాళ్లలో ఒకడు గరిటె పట్టుకునే కేకేశాడు. “ఏం సెసిల్, నీకూ మోకాళ్ల నొప్పులొచ్చాయా?”

ఇలాంటి మాట ఎవరన్నా అంటే సెసిల్ తల దించుకుని పక్కకి తప్పుకునేవాడు. ఆ రోజు ఆగాడు. నడివీధిలో నిలబడి వాడి వంక తిన్నగా చూశాడు.

“మోకాళ్లు నిక్షేపంలా ఉన్నాయి. కూర్చోవాలనిపించింది, కూర్చున్నాను. ముందు మా ఆవిడకి వడ్డించు.”

వాడు వడ్డించాడు. మాంసం ముక్కలు ఏరి మరీ వేశాడు. ఇద్దరూ రేవు గోడ మీద కూర్చుని తిన్నారు. సెసిల్ రెండోసారి పెట్టించుకున్నాడు.